దీవిలో పక్షుల మీద పీహెచ్‌డీ అంటోంది, పంపమంటారా?

ప్రశ్న: మా అమ్మాయి ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ జువాలజీ పూర్తి చేసింది. అండమాన్ దీవుల్లో పక్షుల మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. వారాల తరబడి ఫోన్ కూడా ఉండదట. దానికన్నా డేటా సైన్స్ కోర్సు నయమని నేనంటున్నాను. రెండూ పోల్చి చెప్పండి.
- ఒక తల్లి, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: అమ్మా, మీరడిగింది కోర్సుల గురించే గానీ మీ దిగులంతా సముద్రం గురించీ, పెళ్లి గురించీ. నెట్ పరీక్ష, దరఖాస్తుల సంగతులు అమ్మాయికి తెలిసినవే, వాటి జోలికి పోను.

పాములు, మొసళ్లు అని అందరూ భయపడతారు. ఫీల్డులో ఎక్కువగా దెబ్బలు తగిలేది తడి రాళ్ల మీద జారిపడే. నికోబార్ వైపైతే మలేరియా ఉంది. రెండింటికీ జాగ్రత్తలున్నాయి: పట్టున్న బూట్లు, మందు పట్టించిన దోమతెర, ఎప్పుడూ వెంట ఒక ఫీల్డ్ అసిస్టెంట్. అసిస్టెంట్ లేకుండా పంపే పీహెచ్‌డీ గైడ్ దగ్గర మాత్రం చేరనివ్వకండి.

అండమాన్‌లోని నార్కొండం దీవిలో ఉండే నార్కొండం హార్న్‌బిల్ పక్షినే తీసుకోండి. ఏడు చదరపు కిలోమీటర్లు కూడా లేని ఆ ఒక్క దీవిలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదది. అక్కడ పోలీసు ఔట్‌పోస్టు తప్ప ఊరు లేదు. ఆడపక్షి చెట్టు తొర్రలో దూరి, సన్నని చీలిక వదిలి ద్వారం మూసేసుకుంటుంది. మగపక్షి పళ్లు తెచ్చి ఆ చీలికలోంచి అందిస్తుంది. పరిశోధకురాలు తెల్లారకముందే మరుగులో కూర్చుని ఏ పండు, ఎన్ని, ఎన్ని గంటలకు అని రాసుకోవాలి. అదీ పెన్సిల్‌తోనే, వానకి సిరా అలుక్కుపోతుంది. బైనాక్యులర్ అద్దాలకి బూజు పట్టకుండా తేమ పీల్చే సిలికా జెల్ వేసిన డబ్బాలో పెట్టాలి. సముద్రం పోటెత్తితే బోటు రాదు కనుక రెండు వారాల సరుకు అదనంగా ఉండాలి. ఆ తేమకి ఉల్లిపాయలు కుళ్లిపోతాయి. పప్పు, చింతపండు, ఎండుచేపలే ఆధారం.

ఇప్పుడు కాస్త కటువుగా చెప్తాను. ఆ పక్షి గూడు పెట్టేది దాదాపు ఫిబ్రవరి నుంచి మే దాకా. మధ్యలో మీరు "పెళ్లివారు వస్తున్నారు, ఒక్క పది రోజులు వచ్చిపో" అన్నారనుకోండి, తిరిగి వెళ్లడానికి బోటు దొరక్క సీజనే పోతుంది. సీజను పోతే ఏడాది పోయినట్టే. తర్వాత "ఎన్నేళ్లు చదువుతావే" అని దెప్పేదీ మీరే. పంపితే మనస్ఫూర్తిగా పంపండి, లేదంటే ఇప్పుడే వద్దనండి.

ఇక డేటా సైన్స్. ద్వారకానగర్‌లో ఏ వీధిలో చూసినా కోచింగ్ బోర్డులే. ఆరు నెలల సర్టిఫికెట్ మీద నాకు నమ్మకం తక్కువ. అక్కడ శుభ్రం చేసి ఇచ్చిన లెక్కలతో సాధన చేయిస్తారు. ఉద్యోగంలో ఎదురయ్యేవి మాత్రం వివరాలు లేని ఖాళీ గళ్లు. అడవిలోనూ అంతే: గూటికి పక్షి రాకపోతే సున్నా రాయాలి, మంచుకి గూడే కనబడకపోతే గడి ఖాళీగా వదలాలి. ఈ రెండూ కలిపేస్తే ఫలితమంతా తప్పే. ఆ తేడా అడవిలో నేర్చుకుని, ఆర్ ప్రోగ్రామింగ్‌లో లెక్క కట్టిన పిల్ల రేపు డేటా ఉద్యోగానికీ పనికొస్తుంది. కాబట్టి మీరు పోల్చమన్న రెండూ అంత దూరం కావు.

అలాగని ఇదంతా పూలబాట కాదు. పరిశోధన ఫెలోషిప్ మొదట జేఆర్‌ఎఫ్ కింద నెలకి 37,000 రూపాయలు, తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ కింద 42,000. డబ్బు పడడం ఆలస్యమవుతుంది, ఆరు నెలల ఖర్చు చేతిలో ఉంచుకోవాలి. పీహెచ్‌డీ తర్వాత డెహ్రాడూన్ వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ లాంటి చోట్ల పర్మనెంట్ పోస్టులు బహు కొద్ది. ఎక్కువమంది ఏడాది, రెండేళ్ల ప్రాజెక్టుల మీదే నెట్టుకొస్తారు.

చేరేముందు గైడ్‌ని అటవీశాఖ అనుమతి చేతికొచ్చిందా, ఇంకా దరఖాస్తులోనే ఉందా అని అడగమనండి. నికోబార్ అయితే గిరిజన ప్రాంతంలోకి వెళ్లడానికి ట్రైబల్ పాస్ కూడా కావాలి. కాగితం రాకుండా చేరితే మొదటి ఏడాది ఆఫీసుల చుట్టూ తిరగడానికే సరిపోతుంది.

ఈలోగా మీ దగ్గర్లోని కొండకర్ల ఆవ సరస్సు దగ్గరికి వరసగా కొన్ని ఆదివారాలు పంపండి. ఉదయం ఆరు నుంచి పది దాకా ఒకేచోట కూర్చుని, పది నిమిషాలకోసారి పక్షుల్ని లెక్కపెట్టి రాయాలి. కెమెరా ఇంట్లోనే పెట్టి వెళ్లాలి. మూడోవారానికే విసుగొస్తే తనే చెప్తుంది. ఈత రాకపోతే అదీ ఇప్పుడే నేర్పించండి.