‘వెన్ యు విల్ సెండ్’ అంటే తప్పేంటి?

ప్రశ్న: సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి ఆరు నెలలైంది. అడిగినదానికి ఇంగ్లిష్‌లో జవాబు చెప్పగలను కానీ, నేనే అడగాల్సి వస్తే తడబడతాను. ‘వెన్ యు విల్ సెండ్ ద ఫైల్?’ అంటే మా లీడ్ సరిదిద్దారు. తప్పెక్కడుంది?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: తెలుగులో ‘మీరు ఫైలు రేపు పంపుతారు’ అన్న వాక్యంలో ‘రేపు’ తీసి ‘ఎప్పుడు’ పెడితే ప్రశ్న అయిపోతుంది. మిగతా మాటలు కదలవు. మీరు ఇంగ్లిష్‌లోనూ అదే చేశారు. అక్కడ ప్రశ్న పదం ఒక్కటే చాలదు, సహాయక క్రియ కూడా కర్తను దాటి ముందుకు రావాలి.

అడిగే ముందు జవాబును మనసులో అనుకోండి: ‘యు విల్ సెండ్ ద ఫైల్ టుమారో’. ఇందులో సహాయక క్రియ ‘విల్’. దాన్ని ‘యు’కి ముందు పెట్టండి. ‘టుమారో’ బదులు వాక్యం మొదట్లో ‘వెన్’ చేర్చండి. ‘వెన్ విల్ యు సెండ్ ద ఫైల్?’ వచ్చేస్తుంది.

చిక్కంతా సహాయక క్రియ కనబడని వాక్యాలతోనే. ‘ద క్లయింట్ వాంట్స్ ద రిపోర్ట్ టుడే’లో ముందుకు జరపడానికి ఏమీ లేదు. అప్పుడు ‘డు, డజ్, డిడ్’లలో సరిపోయేదాన్ని తెచ్చుకోవాలి. ‘వాంట్స్’ చివరి ‘స్’ను ‘డజ్’ తీసేసుకుంటుంది: ‘డజ్ ద క్లయింట్ వాంట్ ద రిపోర్ట్ టుడే?’ ‘యు సెంట్’లోని భూతకాలాన్ని ‘డిడ్’ తీసేసుకుంటుంది: ‘డిడ్ యు సెండ్?’ ‘డిడ్ యు సెంట్’ అంటే భూతకాలం రెండుసార్లు చెప్పినట్టు. మన ఆఫీసుల్లో ఎక్కువగా వినబడే తప్పు ఇదే. పని ఎవరు చేశారో అడిగేటప్పుడు మాత్రం ఏదీ జరపక్కర్లేదు. ‘హూ’ కర్త స్థానంలోనే కూర్చుంటుంది: ‘హూ అప్రూవ్డ్ దిస్?’

ప్రశ్న: మిర్చి ఎగుమతి సంస్థలో లెక్కలు చూస్తాను. విదేశీ కొనుగోలుదారుకు ‘కెన్ యు టెల్ మి వెన్ విల్ యు పే?’ అని మెయిల్ రాస్తే, మొరటుగా ఉంది, వ్యాకరణమూ తప్పింది అన్నారు. ఇంగ్లిష్‌లో ‘అండి’, ‘గారు’ లేవు కదా, మర్యాద ఎలా చూపాలి?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: వ్యాకరణం సంగతి తెలుగులోనే చూడండి. ‘ఎప్పుడు వస్తారు?’ అని నేరుగా అడుగుతాం. అదే ప్రశ్న మరో వాక్యంలో ఇమిడితే ‘ఎప్పుడు వస్తారో చెప్పండి’ అంటాం. ‘చేరిందా?’ కాస్తా ‘చేరిందో లేదో’ అవుతుంది. తెలుగులో ఈ ‘ఓ’ వచ్చిన చోట ఇంగ్లిష్‌లో సహాయక క్రియ మళ్లీ కర్త వెనక్కి వెళ్లిపోతుంది. ఈ ఒక్క గుర్తు పట్టుకుంటే చాలు. ‘వెన్ యు విల్ పే’ విడిగా తప్పు, ‘కెన్ యు టెల్ మి’ తర్వాత అదే ఒప్పు. ‘లేదో’కి ‘ఇఫ్’ వాడండి: ‘కుడ్ యు టెల్ మి ఇఫ్ ద కంటెయినర్ హ్యాజ్ రీచ్డ్ ద పోర్ట్?’

మన ‘అండి’ చేసే పని అక్కడ చాలావరకు ‘కుడ్’, ‘వుడ్’ చేస్తాయి. మీ మెయిల్‌లో ‘యు పే’ అని మనిషిని నిలదీయకుండా డబ్బును ముందు పెడితే ఇంకా మెత్తగా ఉంటుంది: ‘కుడ్ యు ప్లీజ్ లెట్ మి నో వెన్ ద పేమెంట్ విల్ బి రిలీజ్డ్?’ గడువు చెప్పాలంటే, ‘శుక్రవారంలోగా’కి ‘బై ఫ్రైడే’, ‘శుక్రవారం దాకా’కి ‘టిల్ ఫ్రైడే’. డబ్బు అడిగేటప్పుడు ‘టిల్’ రాయకండి.

ఇంకో మాట. ‘ఐ హ్యావ్ ఎ డౌట్’ మన దగ్గర చెల్లుతుంది. బయటి దేశాలవారికి అది మీరు వాళ్ల మాట నమ్మడం లేదన్నట్టు వినబడవచ్చు. ‘ఐ హ్యావ్ ఎ క్వశ్చన్’ అనండి.

ప్రశ్న: ‘డిడ్‌న్ట్ యు గెట్ మై మెయిల్?’ అంటే రాలేదనే ఉద్దేశంతో ‘యస్’ అన్నాను. వాళ్లు వచ్చిందనుకున్నారు.
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ‘రాలేదా?’ అంటే మనం ‘అవును, రాలేదు’ అని అవతలివాళ్ల మాటతో ఏకీభవిస్తాం. ఇంగ్లిష్‌లో జరిగినదాన్ని బట్టే జవాబు. మెయిల్ రాకపోతే ‘నో’, వస్తే ‘యస్’. ఉత్త ‘యస్’, ‘నో’లతో ఆపకుండా ‘నో, ఐ డిడ్‌న్ట్’ అని పూర్తిగా చెప్పండి. మీరు అడిగేటప్పుడు ‘డిడ్ యు గెట్’ అంటే ఈ తికమక రాదు, తప్పుపట్టినట్టూ ఉండదు.

ప్రశ్న: ‘ఇది ఎన్నో రిమైండర్?’ అని ఇంగ్లిష్‌లో ఎలా అడగాలి?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ‘ఎన్నో’కి ఇంగ్లిష్‌లో సరిపడే ఒక్క మాట లేదు. ప్రశ్న తిప్పి అడగాలి: ‘హౌ మెనీ రిమైండర్స్ హ్యావ్ వి సెంట్ సో ఫార్?’ ‘త్రీ’ అని జవాబొస్తే ఇప్పుడు మీరు పంపబోయేది నాలుగోది.