కామిక్స్‌ని విడిగా ఒక కళ అని ఎందుకంటారు?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: బొమ్మలు చిత్రకళవి, మాటలు సాహిత్యానివి, క్లోజప్పులూ లాంగ్ షాట్లూ సినిమావి, మరి కామిక్స్‌కి సొంతంగా మిగిలేదేమిటి?

కాలం మిగులుతుందని నా జవాబు. కామిక్స్‌లో కాలాన్ని కాగితం మీది జాగాతో కొలుస్తారు. ప్యానెల్ (ఒక్కో బొమ్మ ఉండే గడి) ఎంత వెడల్పుంది, రెండు ప్యానెళ్ళ మధ్య ఎంత ఖాళీ వదిలారు, బెలూన్‌లో (పాత్రల మాటలు రాసే బుడగలో) ఎన్ని మాటలున్నాయి, పేజీ ఎక్కడ తిరుగుతుంది, ఇవన్నీ కలిసి పాఠకుడి కన్ను ఎక్కడ ఎంతసేపు ఆగాలో తేలుస్తాయి. ఈ పని ఇదే పద్ధతిలో చేసే కళ ఇంకొకటి నాకు కనబడలేదు.

నేను ఆర్టిస్టుని కాను. కొన్నేళ్ళపాటు పిల్లల కామిక్స్‌ని ఇంగ్లీషు నుంచి తెలుగులోకి తెచ్చే చోట బెలూన్లలో అక్షరాలు కూర్చే పని చేశాను. బొమ్మ జోలికి వెళ్ళే అధికారం నాకు లేదు, మాటలు మాత్రమే మార్చాలి. కామిక్స్ లోపలి యంత్రాంగం ఆ పనిలోనే అర్థమైంది.

ఇంగ్లీషు కామిక్స్‌లో సంభాషణలు సాధారణంగా అన్నీ పెద్దక్షరాల్లో ఉంటాయి. పైకీ కిందికీ ఏమీ పొడుచుకురాదు కాబట్టి వరసలు దగ్గరదగ్గరగా పేర్చేయొచ్చు. బెలూన్ కూడా ఆ లెక్కకే గీస్తారు. తెలుగుకి పైన గుడి, కింద ఒత్తు. వరసల మధ్య ఖాళీ పెంచకపోతే పై వరస ఒత్తు కింది వరస గుడికి గుద్దుకుంటుంది. దానికి తోడు 'వెళ్ళిపోవాల్సొచ్చింది' లాంటి మాట ఒక్కటే ఒక వరసంతా ఆక్రమిస్తుంది. దాన్ని మధ్యలో విరిస్తే చదవడానికి చిరాకు. అక్షరం సైజు తగ్గిస్తే పిల్లలు చదవలేరు. ఇక మిగిలిన దారి మాటలు కోయడమే.

అలా కోస్తుంటే తెలిసిందేమిటంటే, చాలాచోట్ల మాటలు తగ్గితే కథ బాగుపడుతోంది. కుర్రాడు చెట్టు మీంచి పడుతున్నాడు. బెలూన్‌లో 'అయ్యో, కొమ్మ విరిగిపోయింది, నేను కింద పడిపోతున్నాను!' అని ఉంటే అది చదవడం అయ్యేదాకా కుర్రాడు గాల్లో వేలాడాల్సిందే. పడే వేగమంతా పోయింది. 'అమ్మో!' అని వదిలేస్తే సర్రున పడతాడు. బొమ్మ మారలేదు, బొమ్మలోని కాలం మారింది. మనం చిన్నప్పుడు చదివిన కొన్ని పౌరాణిక కామిక్స్ నత్తనడక నడిచేవి కూడా ఇందుకే. పైన డబ్బాలో 'రాజు కోపంతో సింహాసనం మీంచి లేచాడు' అని రాసి, కింద అచ్చం అదే బొమ్మ వేసేవాళ్ళు. ఒకే సంగతి రెండుసార్లు చెబితే కన్ను రెండుసార్లు ఆగుతుంది.

జాగాకీ కాలానికీ ఉన్న ఈ ముడిని ఎవరికైనా చూపించాలంటే నేను ఒక పాత కథ చూపిస్తాను. 1955లో అమెరికాలో ఈసీ కామిక్స్ వాళ్ళు 'ఇంపాక్ట్' మొదటి సంచికలో 'మాస్టర్ రేస్' అనే కథ వేశారు. రచన ఆల్ ఫెల్డ్‌స్టీన్, బొమ్మలు బెర్నార్డ్ క్రిగ్‌స్టీన్. భూగర్భ రైల్లో ఒకాయన కూర్చుని ఉంటాడు. నల్లబట్టల మనిషి ఒకడు ఎక్కుతాడు. వాణ్ణి చూడగానే మొదటాయనకి నాజీ క్యాంపు రోజులు కళ్ళముందు తిరుగుతాయి. పాపం, అక్కడ నరకం అనుభవించినవాడు కాబోలు అనుకుంటాం. తీరా చూస్తే ఆయన ఆ క్యాంపు అధికారి. భయంతో పారిపోతూ ప్లాట్‌ఫాం మీంచి జారి రైలు కింద పడతాడు.

ఈ కథకి ముందు ఇచ్చింది ఆరు పేజీలు. చాలదని క్రిగ్‌స్టీన్ పట్టుబట్టి ఎనిమిది చేయించుకున్నాడు. ఈసీలో పద్ధతేమిటంటే, ముందు మాటలన్నీ కాగితం మీద కూర్చేసి ఆ తర్వాతే ఆర్టిస్టుకి ఇస్తారు. అంటే మాటలు ఖాయం, వాటి చుట్టూ బొమ్మ వేయాలి. నాది సరిగ్గా దీనికి తలకిందుల పరిస్థితి కాబట్టి ఆ మనిషి తిప్పలు నాకు బాగా అర్థమవుతాయి. ఆయన చేసిందల్లా ప్యానెళ్ళని నిలువుగా సన్నటి ముక్కలుగా చీల్చడం. జారే మనిషిని ఇంకొకరైతే ఒక్క బొమ్మతో సరిపెడతారు. ఈయన ఆ క్షణాన్ని వరసగా ముక్కలు చేశాడు. జరిగేది లిప్తపాటు, చదివేవాడికి మాత్రం అది సాగుతుంది. రైలు కిటికీల్లో ఒకే మొహాన్ని పక్కపక్కనే చాలాసార్లు గీశాడు. కదలని కాగితం మీద రైలు దూసుకుపోతుంది. సినిమాలో దీన్ని స్లోమోషన్ అంటారుగానీ, అక్కడ నిదానం ఎంతో డైరెక్టరు నిర్ణయిస్తాడు. ఇక్కడ పేజీ మన చేతిలో ఉంది. కావాలంటే వెనక్కి వెళ్ళి మళ్ళీ పడేయొచ్చు.

ఒకే మనిషిని పక్కపక్కన రెండుసార్లు గీసి కాలం నడిపించడం మనవాళ్ళకి కొత్తేమీ కాదు. చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో అమరావతి స్తూపం శిల్పాల్లో నలగిరి ఏనుగు కథ చెక్కిన గుండ్రటి ఫలకం ఉంది. అందులో ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది. ఒకసారి మదమెక్కి జనాన్ని తొక్కుతూ, ఇంకోసారి బుద్ధుడి ముందు మోకరిల్లి. మధ్యలో గీత లేదు. చేర్యాల నకాశీ పటాల్లో కథ వరసగా సాగుతుంది. కానీ అక్కడ కథకుడు పటం పక్కన నిలబడి పాడుతూ చూపిస్తాడు. ఏ బొమ్మ దగ్గర ఎంతసేపు ఆగాలో ఆయన ఇష్టం. కామిక్స్‌లో కథకుడు పక్కన ఉండడు. ఆయన చేసే పనంతా గీతలకీ ఖాళీలకీ అప్పజెప్పాలి.

'చందమామ' సంగతి వేరు. వడ్డాది పాపయ్య ముఖచిత్రాలూ, చిత్రా, శంకర్ బొమ్మలూ ఎంత గొప్పవైనా, అవి తీసేస్తే కథ పోదు. కామిక్స్‌లో బొమ్మ తీసేస్తే మిగిలేవి ఎవరో ఫోన్లో మాట్లాడుతుంటే ఇటువైపు నుంచి విన్నట్టుండే ముక్కలు. అసలు సంగతి సగం రెండు ప్యానెళ్ళ మధ్య ఖాళీలో జరుగుతుంది, దాన్ని పూర్తిచేసేది మనం. ఈ సంగతి చాలామంది చెప్పేదే కాబట్టి ఎక్కువ సాగదీయను.

తక్కువమంది పట్టించుకునేది పేజీ తిప్పడం. ప్యానెల్ ఒక్కొక్కటిగా చదువుతామని అనుకుంటాంగానీ, పేజీ తెరవగానే రెండు పేజీలూ ఒకేసారి కంటికి తగులుతాయి. కింద దెయ్యం ఉంటే పైన చదువుతున్నప్పుడే ఓరకంట కనబడిపోతుంది. అందుకే తెలిసిన ఆర్టిస్టు దెయ్యాన్ని పేజీ తిప్పాక ఎడమచేతి వైపు పెడతాడు. నేను పనిచేసిన ఒకచోట పుస్తకం మొదట్లో ఒక ప్రకటన పేజీ అదనంగా చేర్చారు. దాంతో ఎడమ పేజీలన్నీ కుడికి జరిగాయి, దాచిపెట్టినవన్నీ ఎదుటే కూర్చున్నాయి. ఒక్క అక్షరం మారకుండా సస్పెన్స్ కథ కాస్తా మామూలు కథ అయిపోయింది.

అక్షరం రూపం కూడా బొమ్మలో భాగమే. బాపు చేతిరాతని తెలుగువాళ్ళు దూరం నుంచే గుర్తుపడతారు, దాన్ని ఫాంటుగా కూడా చేశారు. ఆ వంపుల్లో రాసిన మాటకి ఒక గొంతు వస్తుంది. ఇప్పుడు కంప్యూటర్లో ముసలమ్మా, రాక్షసుడూ, చంటిపిల్లా ఒకే ఫాంటులో మాట్లాడేస్తున్నారు. నాకు ఇది పెద్ద లోటు.

ఫోన్లో చదివే కామిక్స్ గురించి కూడా అడిగారు. కొరియా వెబ్‌టూన్లలో పేజీ ఉండదు, నిలువుగా జరుపుకుంటూ పోవాలి. జాగాకి కరువు లేదు. ఒక మనిషి బావిలో పడటాన్ని నాలుగు తెరల పొడుగునా ఖాళీగా వదలొచ్చు, వేలు జరిగినంతసేపూ పడుతూనే ఉంటాడు. ఇంకో రెండు పేజీల కోసం పోట్లాడిన క్రిగ్‌స్టీన్‌కి ఇది దొరికుంటే ఏం చేసేవాడో అనిపిస్తుంది. ఓరకంట ముందు జరిగేది కనబడే బెడద కూడా చాలావరకు తప్పింది. కానీ ఒక పేజీని మొత్తంగా ఒక బొమ్మలా చూసే వీలు కూడా పోయింది. ఒక పేజీలోని ప్యానెళ్ళన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం చూడాలంటే ఇప్పటికీ అచ్చు పుస్తకమే కొంటాను.