షేర్‌పాయింట్‌లో ఫైళ్లు కనబడట్లేదు, పోయాయా?

మీ విజయనగరం ఆఫీసులో షేర్‌పాయింట్ (ఆఫీసు ఫైళ్లను అందరూ పంచుకునే మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్) లోని బిల్లుల లైబ్రరీ, అంటే ఫైళ్లు దాచే చోటు, తెరిస్తే ‘లిస్ట్ వ్యూ థ్రెషోల్డ్’ (జాబితా చూపడానికి ఉన్న పరిమితి) దాటిందని వస్తోందన్నారు. టెన్షన్ వద్దు, ఫైళ్లు ఎక్కడికీ పోలేదు. ఒక లైబ్రరీలో 3 కోట్ల ఫైళ్ల దాకా పెట్టుకోవచ్చు. ఒక్క వ్యూ (ఫైళ్లను చూపించే జాబితా) కోసం 5,000కి మించి వెతకనివ్వదు, అంతే. ఎందుకంటే ఒకే క్వెరీ (డేటా కోసం వెళ్లే అభ్యర్థన) దాదాపు 5,000 లాక్‌లు (డేటా వరుసలకు వేసే తాళాలు) తీసుకుంటే, వెనక ఉండే డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్ ఆ టేబుల్ మొత్తానికీ తాళం వేసేయొచ్చు. అప్పుడు మిగతావాళ్లంతా ఎదురుచూడాలి.

షేర్‌పాయింట్ సర్వర్ సెట్టింగులుండే సెంట్రల్ అడ్మినిస్ట్రేషన్‌లో రాత్రిపూట ‘డైలీ టైమ్ విండో’ (ఈ పరిమితి వర్తించని వేళ) ఇచ్చి, ఆ వేళలో తేదీ కాలమ్‌కు ఇండెక్స్ (త్వరగా వెతకడానికి సూచిక) పెట్టండి. తర్వాత వ్యూలో మొదటి ఫిల్టర్‌గా ఆ తేదీనే ఇవ్వండి, ఫలితం 5,000 లోపు ఉండేలా. పరిమితినే పెంచేద్దామని మాత్రం అనుకోకండి. మా బొబ్బిలి బ్రాంచిలో ఒకాయన 50,000 చేశారు. నెలాఖరున అందరి స్క్రీన్లూ గిరగిరా తిరుగుతూనే ఉన్నాయి!