కాల్చిన ఊలాంగ్ టీ రుచి పట్టుకోవడం ఎలా?

దా హోంగ్ పావ్ అనే కాల్చిన ఊలాంగ్ (గ్రీన్ టీకీ బ్లాక్ టీకీ మధ్యరకం) టీలో మాడు వాసన తప్ప ఇంకేమీ తెలియడం లేదంటే, చాలావరకు తప్పు కాచే పద్ధతిదే. చైనాలో ఫూజియాన్ రాష్ట్రపు వూయీ కొండల్లో పండే ఈ ఆకును బొగ్గుల సన్నసెగ మీద గంటల తరబడి వేయిస్తారు. కొత్తగా వేయించినదైతే సెగ వాసనే ముందుంటుంది; కొన్ని నెలలు ఆగితే తగ్గుతుంది.

100 మిల్లీలీటర్ల మూత గిన్నెలో 5-6 గ్రాముల ఆకు, సలసల కాగే నీళ్లు, మొదటి విడతకు 10-15 సెకన్లు నానితే చాలు; తర్వాతి విడతలకు అదే ఆకు మీద మళ్లీ నీళ్లు పోయాలి. పాలు, పంచదార వద్దు. ముందు మూత లోపలివైపు వాసన చూడండి: వేయించిన గింజల వాసన, దాని వెనకే పండ్లదో పూలదో తెలుస్తుంది. చిన్న గుక్క జుర్రి నాలుకంతా తడపండి. మింగాక తొందరపడొద్దు. మంచి ఆకైతే గొంతులో తీపి మెల్లగా పైకొస్తుంది. నన్నడిగితే అసలు రుచి అదే. మూడు నాలుగు విడతలయ్యాక కూడా మాడు చేదు పోకపోతే, ఆకును మరీ ఎక్కువ కాల్చేశారన్నట్టే.