షాట్లు పడని షూటర్‌ని బెంచ్ మీద కూర్చోబెట్టాలా?

మీ కాలేజీ బాస్కెట్‌బాల్ టీమ్ వరుసగా నాలుగు మ్యాచ్‌లు ఓడింది, మెయిన్ షూటర్‌కి బాస్కెట్ పడటం లేదు, ఫస్ట్ ఫైవ్‌లోంచి (మ్యాచ్ మొదలుపెట్టే ఐదుగురిలోంచి) తీసేయాలని సగం మంది, అతను లేకపోతే ఆడలేమని సగం మంది అంటున్నారని రాశారు. నా మాట ముందే చెప్పేస్తాను. ఫస్ట్ ఫైవ్‌లోంచి తీసినా పర్లేదు. కానీ ఎప్పుడు దిగుతాడో, ఎంతసేపు ఆడతాడో, లోపలికెళ్లి ఏం చేయాలో అతనికి మ్యాచ్‌కి ముందే తెలియాలి. అది చెప్పకుండా ఒక షాట్ మిస్సయిందని బయటికి లాగేస్తే ఆ పిల్లాడు ఈ సీజన్‌లో మళ్లీ కోలుకోవడం కష్టం.

నాకు జరిగింది కాబట్టే ఇంత గట్టిగా అంటున్నా. తిరుపతిలో డిగ్రీ చదివే రోజుల్లో నేను కాలేజీ టీమ్‌లో షూటింగ్ గార్డ్‌ని, అంటే దూరం నుంచి షాట్లు వేసేవాణ్ని. ఫైనలియర్‌లో చిత్తూరులో ఒక టోర్నమెంట్‌కి వెళ్లాం, మొదటి మ్యాచ్‌లో నాలుగు త్రీలు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) వేస్తే ఒక్కటీ పడలేదు. రెండో మ్యాచ్‌లో మొదటి షాట్ రింగ్‌కి తగిలి బయటికి రాగానే మా కోచ్ సార్ నా బదులు ఇంకొకణ్ని (సబ్) పిలిచారు. కాసేపు కూర్చోబెట్టి మళ్లీ పంపారు, ఇంకోటి మిస్, మళ్లీ బయటికి. అక్కడి నుంచి బంతి చేతిలోంచి వెళ్లాక నా చూపు రింగ్ మీద ఉండేది కాదు, బెంచ్ వైపు పోయేది. చుట్టూ ఎవరూ లేకపోయినా పాస్ ఇచ్చేసేవాణ్ని. ఎదుటి టీమ్‌కి అది అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు, నన్ను గాలికి వదిలేసి రింగ్ కింద ఉన్న మా పొడుగు ప్లేయర్ మీద ఇద్దరు పడ్డారు, అతనికి ఊపిరాడలేదు. షాట్లు మిస్ చేసి నేను టీమ్‌కి చేసిన నష్టం కన్నా షాట్లు వేయడం మానేసి చేసిన నష్టమే ఎక్కువ. తిరిగొచ్చేటప్పుడు చంద్రగిరి దాటేదాకా బస్సులో ఎవరూ నోరు విప్పలేదు.

ఒక చిన్న లెక్క చూడండి. త్రీ పాయింటర్లు నూటికి 35 పడేలా వేసేవాడు మంచి షూటరే. అలాంటివాడు ఐదు షాట్లు వేస్తే ఐదూ మిస్సయ్యే అవకాశం నూటికి 11 పైనే. అంటే ఆటలో ఏ లోపం లేకపోయినా సీజన్‌లో అప్పుడప్పుడు ఇలా జరుగుతుంది. ఐదు మిస్సులు చూసి ఫామ్ పోయిందని తేల్చేయడం తొందరపాటు. నాలుగైదు మ్యాచ్‌ల పాటు అలాగే ఉంటే మాత్రం కారణం వెతకాలి.

వెతికేటప్పుడు బంతి ఎటు మిస్ అవుతోందో చూడండి. పక్కలకి పోతుంటే చెయ్యి, మోచెయ్యి సరిగా లేనట్టు. వరుసగా రింగ్ ముందు భాగానికి తగిలి పడిపోతుంటే చాలావరకు కాళ్లలో బలం అయిపోయినట్టే. ఇప్పుడు మా ఏరియా టీమ్‌కి సబ్‌లు చూసేది నేనే. మా కుర్రాడొకడికి పోయిన ఏడాది శనివారం సాయంత్రం మ్యాచ్‌ల్లో మాత్రమే అన్నీ షార్ట్ పడేవి. అడిగితే తెలిసింది, వాళ్లమ్మకి ఒంట్లో బాగాలేనప్పుడు మొక్కుకున్నాడట, వారం వారం తెల్లవారుజామునే అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి దర్శనం చేసుకుని సాయంత్రానికి కోర్టుకి వస్తున్నాడు. మొక్కు మానమని ఎవరంటారు? శనివారాల్లో అతని నిమిషాలు సగం చేశాం, అంతే.

నిమిషాల సంగతికి వస్తే, మన మ్యాచ్ 40 నిమిషాలు, ఐదుగురికి కలిపి 200. ఫస్ట్ ఫైవ్‌లో ఒక్కొక్కరు 36 నిమిషాలు ఆడితే 180 అక్కడే అయిపోతాయి, బెంచ్ మీద ఐదుగురుంటే మనిషికి నాలుగు నిమిషాలు మిగులుతాయి. నాలుగు నిమిషాల్లో ఒళ్లు కూడా వేడెక్కదు. ఓడుతున్నప్పుడు భయంతో ఆ ఐదుగురినే అరగదీస్తాం, నాలుగో క్వార్టర్‌లో వాళ్ల కాళ్లు లేవవు, మళ్లీ ఓడతాం. మీ నాలుగు ఓటముల్లో ఎన్ని చివరి క్వార్టర్‌లో పోయాయో ఒకసారి చూసుకోండి.

ఇక బెంచ్ అంటే అవమానం అనుకునేవాళ్లకి నేను రెండు పేర్లు చెబుతుంటాను. 2024 ఫిబ్రవరిలో అమెరికా ఎన్‌బీఏ లీగ్‌లో గోల్డెన్ స్టేట్ వారియర్స్ కోచ్ స్టీవ్ కెర్, తన పేరున్న షూటర్ క్లే థాంప్సన్‌ని ఫస్ట్ ఫైవ్‌లోంచి తీసి, బెంచ్ నుంచి కోర్టులోకి దించాడు, 2012 తర్వాత అతనికి అదే మొదటిసారి. అతని చోట మొదలుపెట్టింది పాజెమ్‌స్కీ అనే మొదటి ఏడాది కుర్రాడు. యూటా జాజ్ మీద ఆ మ్యాచ్ మనకి పొద్దున పూట వచ్చింది, టిఫిన్ పక్కన పెట్టి ఫోన్‌లో చూశా. క్లే 35 పాయింట్లు కొట్టాడు, 140-137తో గెలిచారు. ఇంకొకరు అదే వారియర్స్‌లో ఆడిన ఇగ్వాడాలా. అంతకుముందు కెరీర్ మొత్తం ఫస్ట్ ఫైవ్‌లోనే ఆడినవాడు, 2014-15 రెగ్యులర్ సీజన్ అంతా బెంచ్ నుంచే వచ్చాడు. ఫైనల్స్‌లో టీమ్ 1-2తో వెనకబడినప్పుడు నాలుగో మ్యాచ్‌లో అతన్ని మొదటి నుంచి దించారు, అక్కడి నుంచి మూడూ గెలిచారు, ఫైనల్స్ ఎంవీపీ (ఉత్తమ ఆటగాడి అవార్డు) అతనికే వచ్చింది. మ్యాచ్ ఎవరు మొదలుపెట్టారన్న దాని మీద మనం అనవసరంగా కొట్టుకుంటాం, నాకైతే చివరి ఐదు నిమిషాల్లో కోర్టులో ఎవరున్నారన్నదే లెక్క.

మా టీమ్‌లో ఇప్పుడు షాట్ పడని కుర్రాడికి ముందు రోజు సాయంత్రమే పక్కకి పిలిచి చెబుతాను: "మొదటి క్వార్టర్ చివరి మూడు నిమిషాలు, రెండో దాంట్లో మొదటి ఐదు నిమిషాలు నీవే. ఎన్ని మిస్సయినా తీయను. ఖాళీ దొరికితే వెయ్యి, లేకపోతే కట్ చేసి లోపలికి పో, వాళ్లలో బంతి నడిపించే పాయింట్ గార్డ్‌ని వదలొద్దు." ఒకటి రెండు లేఅప్‌లో (రింగ్ దగ్గరికెళ్లి వేసేవి), ఫ్రీ త్రోలో (ఫౌల్‌కి దొరికే అడ్డులేని షాట్లు) పడితే చెయ్యి దానంతటదే తిరుగుతుంది. ఒక్క విషయంలో మాత్రం నేను ఊరుకోను, షాట్ మిస్సయిందని తల దించుకుని నడుస్తూ డిఫెన్స్‌కి వెనక్కి రాకపోతే అప్పుడే సబ్ పిలుస్తా, ఎందుకు పిలుస్తానో కూడా ముందు రోజే చెప్పి ఉంటాను.

మీ షూటర్ మిస్సులు రింగ్ ముందు తగులుతున్నాయా, పక్కలకి పోతున్నాయా? మ్యాచ్‌కి ఎన్ని నిమిషాలు ఆడుతున్నాడు? ఈ రెండూ రాయండి, మీ టీమ్‌లో ఎవరిని ఎప్పుడు దించితే బాగుంటుందో కూర్చుని చూద్దాం.