సూదంటురాయి, రెండు స్టీలు గ్లాసులు

ప్రశ్న: మేము బరంపురంలో ఉంటాము. మా అబ్బాయి ఒడియా మాధ్యమంలో నాలుగో తరగతి చదువుతున్నాడు. 'చుంబకం లోహాలను లాగుతుంది' అని బడిలో చెప్పారట. వాడు ఇంటికి వచ్చి, పాడైపోయిన స్పీకరులోని అయస్కాంతాన్ని ఇత్తడి బిందెకు ఆనించి చూస్తే అది అంటలేదు. రెండు స్టీలు గ్లాసుల్లో ఒకదానికి అంటింది, రెండోదానికి అంటలేదు. అయస్కాంతమే చెడిపోయిందని వాడంటున్నాడు. ఏమని చెప్పాలి?
- ఒక పాఠకురాలు, గంజాం జిల్లా, ఒడిశా

జవాబు: అయస్కాంతం బాగానే ఉందమ్మా, సవరించవలసింది ఆ వాక్యాన్ని. అయస్కాంతం అన్ని లోహాలనూ లాగదు. ఇనుము, నికెల్, కోబాల్టు, వాటితో చేసిన కొన్ని మిశ్రమ లోహాలు మాత్రమే దానికి గట్టిగా అంటుకుంటాయి. ఇత్తడి రాగి, జింకుల మిశ్రమం కనుక బిందె విషయం అక్కడితో తేలిపోయింది. గ్లాసుల సంగతి మాత్రం పెద్దవాళ్లను కూడా తికమక పెడుతుంది. రెండింటిలోనూ ఎక్కువ భాగం ఇనుమే అయినా, క్రోమియంతో పాటు సుమారు 8 శాతం నికెల్ కలిపిన స్టీలులో పరమాణువుల అమరిక మారిపోయి, అయస్కాంతానికి అంటుకునే గుణం దాదాపుగా పోతుంది. తనంతట తాను అయస్కాంతానికి అంటుకునే నికెల్, ఇనుములో చేరి ఆ గుణాన్నే పోగొట్టడం చిత్రం కాదూ? అంటని గ్లాసును కూడా మడిచిన అంచు దగ్గర పరీక్షించమనండి. తయారీలో బాగా వంగిన చోట అమరిక మళ్లీ కొంత మారుతుంది కనుక, అక్కడ కాస్త పట్టు తగలవచ్చు.

అయితే ఇదంతా వాడికి ఈరోజే చెప్పకండి. పిన్నీసు, రూపాయి నాణెం, అల్యూమినియం మూత, తాళంచెవి, చేతి గాజులు వరుసగా పెట్టి, ఏది అంటుతుందో ముందు వాడిచేత చెప్పించి, ఆ తరువాతే అయస్కాంతాన్ని ఆనించనివ్వండి. సరిగ్గా చెప్పినదాని కంటే, ఊహ తప్పిన వస్తువే వాడికి ఎక్కువ కాలం గుర్తుంటుంది.

మీకు గోపాల్‌పూర్ తీరం దగ్గరే కదా! అలలు వెనక్కి వెళ్లిన చోట ఇసుక మీద నల్లటి చారలు కనిపిస్తాయి. ఆ ఇసుకను కొంచెం తెచ్చి, బాగా ఎండబెట్టి, పళ్లెంలో పరచి, అయస్కాంతాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి దాని మీద తిప్పమనండి. మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజపు రేణువులు ముళ్లపందిలా నిక్కబొడుచుకుని కవరును పట్టుకుంటాయి. కవరులోంచి అయస్కాంతాన్ని పైకి తీయగానే జలజల రాలిపోతాయి. కవరు లేకుండా చేస్తే ఆ పొడిని వదిలించడానికి ఒక పూట పడుతుంది, ఇది నా అనుభవం. ఛత్రపురం వద్ద ఇలాంటి తీరపు ఇసుక నుంచే ఇల్మనైట్, మోనజైట్ వంటి ఖనిజాలను వేరుచేస్తారు. ఆ పనిలో బలమైన అయస్కాంతాలనూ వాడతారు.

ఇక కుట్టుసూదిని అయస్కాంతం ఒక ధ్రువంతో ఒకే దిశలో, ప్రతిసారీ చేతిని పైకెత్తి, 40, 50 సార్లు రుద్ది, చిన్న ఆకుముక్క మీద పెట్టి, నీళ్లు నింపిన ప్లాస్టిక్ గిన్నెలో వదలండి. అది మెల్లగా తిరిగి ఉత్తర దక్షిణాలుగా నిలుస్తుంది. భూమే ఒక పెద్ద అయస్కాంతమని ఇంగ్లండు వైద్యుడు విలియం గిల్బర్ట్ 1600లో రాశాడు. మన పెద్దలు దీనిని సూదంటురాయి అన్నది ఎందుకో అప్పుడు అడగండి, వాడే చెబుతాడు.

ఒక్క జాగ్రత్త. స్పీకరులోని నల్లటి అయస్కాంతం చాలు; బొమ్మల్లో వచ్చే చిన్న, మెరిసే నియోడిమియం గుండ్లను (చాలా బలమైన అయస్కాంతాలు) ఇవ్వకండి. అలాంటివి రెండు మింగితే పేగుల గోడలను మధ్యలో ఇరికించి ఒకదానినొకటి పట్టుకుని రంధ్రం చేయగలవు. మింగాడన్న అనుమానం కలిగినా, నొప్పి వచ్చేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.