మొక్క నాటిన మర్నాటి సంగతి

ప్రశ్న: నేను ఆరు, ఏడు తరగతులకు సైన్సు చెబుతాను. ఏటా పర్యావరణ దినోత్సవానికి మా పిల్లలు నినాదాలు రాస్తారు, చార్టులు తయారుచేస్తారు. పరీక్షలో నీటి పొదుపు మీద ప్రశ్న వస్తే పూర్తి మార్కులు తెచ్చుకుంటారు. అదే పిల్లలు చేతులు కడుక్కుని కుళాయి సరిగా కట్టకుండా వెళ్లిపోతుంటే నేను చెప్పిన పాఠం ఏమైపోయిందో అర్థం కావడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక ఉపాధ్యాయిని

జవాబు: మీ పాఠం వృథా కాలేదు, మొదటి మజిలీ దగ్గర ఆగిపోయింది. 1977 అక్టోబరులో జార్జియా రాజధాని టిబిలిసీలో యునెస్కో, ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమంతో కలిసి నిర్వహించిన సదస్సు పర్యావరణ విద్యకు ఐదు లక్ష్యాలను నిర్దేశించింది: ఎరుక, జ్ఞానం, వైఖరి, నైపుణ్యం, భాగస్వామ్యం. మన పరీక్షలు వీటిలో మొదటి రెండింటిని పలకరించి ఊరుకుంటాయి. మిగిలిన మూడూ నల్లబల్ల మీద రాసి నేర్పగలిగేవి కావు. పిల్లల చేతికి ఒక పని అప్పగించి, దాని ఫలితాన్ని వాళ్లు కళ్లారా చూసేదాకా వెంట ఉంటేనే అవి అలవడతాయి.

అందుకు మీరు చెప్పిన కుళాయే చాలు. దాన్ని గట్టిగా కట్టినా చుక్కలు పడుతున్నాయేమో ముందుగా పిల్లలనే చూడమనండి. పడుతుంటే కింద ఒక కొలపాత్ర పెట్టించి, 10 నిమిషాల్లో చేరిన నీటిని కొలిచి, 144తో గుణించమనండి. ఒక రోజులో పోయే నీరెంతో తెలుస్తుంది. సెకనుకు ఒక చుక్క చొప్పున రోజుకు 86,400 చుక్కలు పడతాయి. 20 చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకున్నా అది 4 లీటర్లు దాటుతుంది. మీ పిల్లల లెక్క ఇంతకంటే ఎక్కువే రావచ్చు, ఎందుకంటే కుళాయి చుక్క తరచు ఇంతకన్నా పెద్దదిగా ఉంటుంది. ఆ అంకె పుస్తకంలోది కాదు, తాము కొలిచి తేల్చినది కాబట్టి పిల్లలు దాన్ని మరచిపోరు.

అసలు పాఠం ఇక్కడి నుంచే మొదలవుతుంది. చాలా సందర్భాల్లో కుళాయి కారడానికి లోపలి వాషర్ అరిగిపోవడమే కారణం. అప్పుడు పిల్లలు ఎంత బిగించినా ప్రయోజనం ఉండదు. నిర్లక్ష్యం వల్ల పోయే నీరు ఎంత, మరమ్మతు లేక పోయే నీరు ఎంత అని విడదీసి చూడడం నేర్చుకున్న పిల్లవాడు పెద్దయ్యాక కూడా ప్రతి సమస్యకూ మనుషులను తిట్టి సరిపెట్టుకోడు. తాము కొలిచిన అంకెలతో ప్రధానోపాధ్యాయులకు పిల్లల చేతనే ఒక ఉత్తరం రాయించండి, వాషర్ మార్పించండి, మర్నాడు మళ్లీ అదే పాత్రతో కొలిపించండి. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పదలచుకున్నాను: ఆ ఉత్తరానికి పెద్దల నుంచి స్పందన రాకపోతే, నీటిని గురించి ఎంత చెప్పినా తమ మాటకు విలువ లేదన్న పాఠమే పిల్లల మనసులో నిలుస్తుంది. కాబట్టి ఉత్తరం రాయించడానికి ముందే మీరు ప్రధానోపాధ్యాయులతో మాట్లాడి ఉండడం మంచిది.

ప్రశ్న: మా పాఠశాల ఆవరణలో ఏటా యాభై, అరవై మొక్కలు నాటిస్తాం. మరుసటి ఏడాదికి నాలుగైదు కూడా మిగలడం లేదు. పిల్లల్లో ఉత్సాహం కూడా తగ్గుతోంది.
– ఒక ప్రధానోపాధ్యాయుడు

జవాబు: ఉత్సాహం తగ్గడం సహజం. తాము నాటినది ఎండిపోవడాన్ని ఏటా చూసే పిల్లలకు మొక్క అంటే ఒక రోజు వేడుకగానే మిగులుతుంది. ఈసారి యాభైకి బదులు ఐదే నాటించండి. తరగతికి ఒకటి చాలు.

సంచిలోంచి తీసి నాటిన మొక్క వేళ్లు మొదట్లో తమతో వచ్చిన మట్టిముద్దలోనే ఉంటాయి. అవి చుట్టుపక్కల నేలలోకి పాకేదాకా ఆ చిన్న ముద్ద తడి ఆరకుండా చూడాలి. అందుకే తొలి నెలల్లో నీరు తప్పితే మొక్క చనిపోతుంది. మొదలు చుట్టూ పాదు చేయించండి, రాలిన ఆకులను ఊడ్చి తగలబెట్టకుండా ఆ పాదులో పరిపించండి, అయితే కాండానికి ఆనకుండా కొంచెం ఎడం ఉంచండి. ఆకుల కప్పు వల్ల తేమ త్వరగా ఆవిరికాదు, కలుపు తగ్గుతుంది, కొన్నాళ్లకు ఆ ఆకులే చివికి ఎరువవుతాయి. ఎవరు ఏ రోజు నీళ్లు పోయాలో తరగతి గోడ మీద రాసిపెట్టించండి. మొక్కలు ఎక్కువగా చనిపోయేది సెలవుల్లో కాబట్టి ఆ రోజుల బాధ్యత ఎవరిదో సెలవులకు ముందే తేల్చుకోండి. పిల్లలు రాలేని రోజులకు ఒక పెద్దవారి పేరు తప్పకుండా ఉండాలి. నెలకోసారి ఎత్తు కొలిచి, కొత్త ఆకులను లెక్కపెట్టి, మొక్క మీద కనిపించిన పురుగులను బొమ్మగా గీసి ఒక నోటుపుస్తకంలో నింపమనండి. పై తరగతికి వెళ్లేటప్పుడు ఆ పుస్తకాన్ని, మొక్కను వెనక వచ్చే తరగతికి వాళ్లే స్వయంగా అప్పగించాలి. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఒక మొక్క పోతే, దాన్ని గుట్టుగా పీకేయకుండా వేళ్లతో సహా తీసి, ఎందుకు పోయిందో పిల్లలతో కలిసి పరిశీలించండి.

ప్రశ్న: మంచు కరిగి సముద్రాలు పొంగుతాయన్న పాఠం విన్నప్పటి నుంచి పదేళ్ల మా అమ్మాయి "మనం మునిగిపోతామా నాన్నా" అని రాత్రుళ్లు అడుగుతోంది. ఏమీ కాదని చెప్పి సముదాయించడం సరైనదేనా?
– ఒక తండ్రి

జవాబు: ఏమీ కాదని చెప్పకండి; అది నిజం కాదని ఆ పాప మరో ఏడాదికల్లా తెలుసుకుంటుంది. అడిగినదానికి అడిగినంత మేరకు నిజం చెప్పండి. సముద్రమట్టం పెరుగుతున్నది ఏడాదికి కొన్ని మిల్లీమీటర్ల చొప్పున, ఒక్క రాత్రిలో ముంచెత్తే వరదలా కాదు. లోతట్టు తీరాల్లో ఉన్నవారికి అది నిజమైన ప్రమాదమే, దాన్ని తగ్గించే పనిలో ఎందరో పెద్దవాళ్లు ఉన్నారు.

తరువాత, ఎండలోని హానికరమైన అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే ఓజోన్ పొర కథ చెప్పండి. అంటార్కిటికా మీద ఆ పొర బాగా పలచబడుతోందని 1985లో బ్రిటన్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. రిఫ్రిజిరేటర్లలో, స్ప్రే డబ్బాల్లో వాడిన క్లోరోఫ్లోరోకార్బన్లు పైవాతావరణానికి చేరి, వాటిలోని క్లోరిన్ ఓజోన్‌ను విడగొట్టడమే అందుకు కారణం. రెండేళ్లు దాటిన కొన్ని నెలలకే, 1987లో, ఆ రసాయనాల వాడకాన్ని తగ్గించేందుకు మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. క్రమంగా ప్రపంచ దేశాలన్నీ అందులో చేరాయి. ఇదే తీరు కొనసాగితే అంటార్కిటికా మీది పొర 2066 ప్రాంతానికి 1980 నాటి స్థితికి చేరుతుందని శాస్త్రవేత్తల అంచనా. అప్పటికి మీ అమ్మాయి ఇంకా ఉద్యోగం చేసే వయసులోనే ఉండవచ్చు! బొగ్గు, చమురు మన జీవితంలో ఇంతకంటే ఎంతో లోతుగా పాతుకుపోయాయి కాబట్టి వాతావరణ మార్పు ఇంత తేలిగ్గా తెమలదన్న సంగతిని కూడా దాచనక్కరలేదు.

ఇది చదివే ఉపాధ్యాయులకు ఒక మనవి. "భూమిని కాపాడవలసింది మీరే" అని పదేళ్ల పిల్లలతో అనకండి. ఆ బరువు వాళ్లది కాదు, మనది. చిన్న తరగతుల్లో చీమల బారు, వాన వెలిసిన నేల, కిటికీ పక్క చెట్టు చాలు. వాటి మీద మమకారం ఏర్పడ్డాక, లెక్కలూ కారణాలూ అర్థమయ్యే వయసులో ప్రపంచమంతటి ముప్పులను గురించి చెప్పవచ్చు.

ప్రశ్న: ఎక్కువ ప్లాస్టిక్ సీసాలు సేకరించి తెచ్చిన తరగతికి బహుమతి ఇద్దామనుకుంటున్నాం. మీ అభిప్రాయం?
– ఒక ఉపాధ్యాయ బృందం

జవాబు: దయచేసి వద్దు. గెలవాలన్న పట్టుదలతో పిల్లలు ఇంట్లో కొత్త సీసాలు కొనిపించే అవకాశం ఉంది. దానికి బదులు ప్రతి శుక్రవారం ప్రతి తరగతి చెత్తబుట్టను తూకం వేయించి, తడి చెత్త, పొడి చెత్త బరువులను విడివిడిగా గ్రాఫు గీయించండి. ఏ తరగతికి ఆ తరగతే పోయిన నెల తన బరువుతో పోల్చుకుంటుంది కాబట్టి అసలు బహుమతి ప్రస్తావనే రాదు.